ఒక్కసారిగా వచ్చిన నీళ్ళు

“హాల్లో బీరువా పెడితే వచ్చినవాళ్ళు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి కూర్చోవాలి” అన్నారు అత్తయ్య. ఆ పొద్దున ఆ మాట అనడం అది రెండోసారో మూడోసారో.

“మనింటికి వచ్చేవాళ్ళలో సగంమంది నా పనిమీద వచ్చేవాళ్ళే కదత్తయ్యా” అన్నాను.

“అదే నేనూ చెప్తున్నా. నీ పనిమీద వచ్చేవాళ్ళు నీ గదిలోకి పోతారు. హాల్లో కూర్చునేది నాకోసం వచ్చేవాళ్ళు.”

“నీకోసం ఎవరొస్తారు నానమ్మా, బాబాయి తప్ప?” అంది మా అమ్మాయి, తల దువ్వుకుంటూ.

“వాడొక్కడు చాలడూ? వాడొచ్చి మాట్లాడితే హాలు నిండుతుంది.”

మా ఆయన బూట్లకి లేసులు కట్టుకుంటూ వింటున్నారు. ఆయన కారు నడపడం నేర్పుతారు. పాతికేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతుకుతున్నారు. ఇంట్లోనూ అంతే. నడిపేది మేమైనా బ్రేకు మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది.

“ఆగు. ఇప్పుడంత తొందరేం వచ్చింది?” అన్నారు.

తొందరేం వచ్చిందో అప్పటికి చాలా రోజులుగా చెబుతూనే ఉన్నాను. నేను పని చేసుకునే గది ఇంటి వెనక వైపు, కింద ఉంటుంది. దాని పైన అత్తయ్య స్నానాలగది. ఎండలు తగ్గుముఖం పట్టినప్పుడే నా గది గోడ మీద, బీరువా పక్కన, అరచెయ్యంత తడి మరక వచ్చింది. అది దిండంత అయింది, తర్వాత దుప్పటంత అయింది. సున్నం పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే వేలికి ఉప్పులా అంటుకునేది. గది తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన.

“వానలు రానీ, చూద్దాం” అనేవారు మా ఆయన.

“వానలకీ దీనికీ ఏం సంబంధమండీ? గోడలో పైపు కారుతోంది. అత్తయ్య కుళాయి కట్టేశాక కూడా లోపల సన్నగా వినిపిస్తోంది. చెవి పెట్టి చూడండి.”

“చెవి పెట్టి వినడానికి అది గోడా, కడుపా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నాకూ నవ్వొచ్చేది అప్పట్లో.

అసలు అడ్డం టైల్స్. నిరుడు అత్తయ్య తన స్నానాలగది కొత్తగా చేయించుకున్నారు. ఊళ్ళో ఉన్న దుకాణాలన్నీ తిరిగి, నాచు రంగులో, మెత్తటి మెరుపున్న టైల్స్ ఏరుకున్నారు. పైపు చూడాలంటే అవి పగలగొట్టాలి. ఆ రంగు మళ్ళీ రాదని దుకాణంవాడు చెప్పాడు. అత్తయ్య ఆ మాట పట్టుకుని కూర్చున్నారు.

నా భయం బీరువా గురించి కాదు, అందులో ఉన్నవాటి గురించి. నేను బొంతలు కుడతాను. మామూలు బొంతలు కాదు. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళ బట్టలు నాకు తెచ్చిస్తారు. చొక్కాలు, గౌన్లు, మెడకి చుట్టుకునే మఫ్లర్లు, చంటిపిల్లలవైతే చేతి రుమాలంత జుబ్బాలు. అవి ముక్కలుగా కత్తిరించి, కలిపి, కప్పుకునేలా కుట్టి ఇస్తాను. ఆ బట్టలు నేను ఉతకను. అది మొదట్నుంచీ నా పద్ధతి. ఉతికితే మనిషి పోతాడు, బట్ట మిగులుతుంది. కాలరు దగ్గర చెమట మరక ఉంటే ఆ మరక పైకి కనిపించేలా కుడతాను. అందుకే నాకిస్తారు. ఉతికి ఇస్త్రీ చేసి కుట్టేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది.

ఉతకని బట్టకి తడి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా నల్లచుక్కల బూజు పడుతుంది.

చివరికి హాలు కుదరదన్నారు. బీరువాని అదే గదిలో గోడకి మూరెడు ఇవతలికి లాగుదామన్నారు. ఒక కొస మా ఆయన పట్టారు, ఒక కొస నేను పట్టాను. మా అమ్మాయి పెరట్లోంచి ఇటుకలు తెచ్చి కాళ్ళకింద పెట్టింది. అత్తయ్య గడపలో నిలబడి “ఎడమకి, ఇంకాస్త ఎడమకి, గోడకి తగలకుండా” అంటూ పని చేయించారు. అందరం ఆ గదిలోనే ఉన్నాం. ఇది ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత నాకే అనుమానం వచ్చింది, నిజంగా ఉన్నామా అని.

*

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, రిటైరైన పోస్ట్‌మన్‌గారి భార్య బట్టలు బల్లమీద పరిచి రంగులు సరి చూసుకుంటున్నాను. ఆవిడకి పూలకుండీల పిచ్చి. ఆవిడ మొక్కల పనికి వేసుకునే, మోచేతుల దగ్గర మట్టి మరకలున్న ముతక చొక్కాలు తెచ్చి ఇచ్చాడాయన. “ఈ మట్టి పోకూడదమ్మా” అన్నాడు.

గోడలో పెద్ద ఎక్కిలి లాంటి చప్పుడొచ్చింది. సున్నం పెళ్ళ ఒకటి ఊడి బల్లమీద పడింది. దాని వెనకే నీళ్ళు. ఎర్రగా, తుప్పురంగు నీళ్ళు, గోడలోంచి బీరువా మీదకి ధారగా దూకాయి. పైనుంచి అత్తయ్య కేకేస్తున్నారు, “ఒళ్ళంతా సబ్బు పూసుకున్నాక నీళ్ళు ఆగిపోయాయేంటే?” అని.

“ఇక్కడికొచ్చాయత్తయ్యా” అన్నాను, దొరికిన మూటలు దొరికినట్టు చంకలో పెట్టుకుంటూ.

బయటి కుళాయి మర కట్టేసేసరికి గదిలో చీలమండ లోతు నీళ్ళు. చప్టా ఉబ్బింది, హాలు చెక్క నేల అంచులు లేచాయి. బల్లమీది మట్టి చొక్కాల మీద సున్నం, తుప్పు, నీళ్ళు. పోకూడదన్న మట్టి నా కళ్ళముందే కారి కిందికి పోయింది.

*

మధ్యాహ్నానికి మా మరిది వచ్చాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. “పాలసీ అంటే గొడుగండీ” అని మాట మొదలుపెడతాడు కాబట్టి వీధంతా అతన్ని గొడుగు అంటుంది. మా ఇంటి పాలసీ అత్తయ్య పేరు, మా ఆయన పేరు కలిపి రాయించింది అతనే. గది చూసి, బూట్లు తడవకుండా గడప దగ్గరే ఆగి, అన్నంబల్ల దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు.

“కంపెనీవాడు నీళ్ళు ఎన్నొచ్చాయని అడగడు. ఎలా వచ్చాయని అడుగుతాడు” అన్నాడు. “పైపు పగిలి ఒక్కసారిగా వస్తే కంపెనీది. నెలల తరబడి ఊరి ఊరి వస్తే మనది. ఇల్లన్నాక ఎప్పటికప్పుడు చూసుకోవాలి, చూసుకోకపోతే మేమేం చేస్తాం అంటాడు. వాకిట్లోంచి వరద వస్తే అది మూడో కత. దానికి వేరే పాలసీ. ఎంత మొత్తుకున్నా మీరు తీసుకోలేదు.”

“వరద మనింటికి రావాలంటే మెట్లెక్కి రావాలిరా” అన్నారు అత్తయ్య. “ఇప్పుడొచ్చింది చెప్పు.”

“పగిలింది ఒక్కసారిగానే కదమ్మా.”

“ఊరింది మెల్లగా” అన్నాను.

మరిది నావైపు తిరిగి నవ్వాడు. “వదినా, నువ్వు కంపెనీలో చేరావా ఏంటి?”

“నా మూటల సంగతేంటి? అవి ఊళ్ళోవాళ్ళవి.”

“అవి రావు. ఇంటి పాలసీ ఇంట్లోవాళ్ళ సామానుకి. ఇవి బయటివాళ్ళవి, పైగా పాతబట్టలు. వాటికెవడు విలువ కడతాడు?” అని, కాస్త మెత్తబడ్డాడు. “గోడ, నేల, పైన స్నానాలగది, ఇవి వస్తే చాలనుకో. ఇవి రాకపోతే మీ జేబులోంచే.”

మా అమ్మాయి పళ్ళెంలో మెతుకులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది. మా జేబు అంటే ఆ ఏడు దాని చదువుకి దాచింది తప్ప ఇంకేం లేదని అందరికీ తెలుసు.

మర్నాడు నేను ఇల్లిల్లూ తిరిగాను. మీ నాన్నగారి కోటు పాడైంది, మీ పాప జుబ్బాలు ఆరబెట్టాను కానీ రంగు కలిసింది, అని చెప్పుకుంటూ. కొందరు ఏడ్చారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని “పైపు పగిలితే నువ్వేం చేస్తావులే” అంది. పోస్ట్‌మన్‌గారు కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చి, “మన చేతుల్లో ఉందా తల్లీ” అన్నాడు. “మిగిలినవాటితోనే కుట్టు” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో మరిది స్కూటరుంది. నేను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. మా అమ్మాయి లేచి, అడక్కుండానే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అలిసిపోయానని చూసుకుంటోంది కాబోలనుకున్నాను.

*

కంపెనీ పంపిన సర్వేయరు పొట్టిగా, నింపాదిగా ఉన్నాడు. గోడని స్క్రూడ్రైవరుతో గీకి, రాలిన పొడి వేళ్ళమధ్య నలిపాడు. బీరువా చుట్టూ తిరిగాడు. వంగి ఇటుకలు చూశాడు.

“ఇది ఒక్కరోజు తడి కాదండీ” అన్నాడు. “బీరువా గోడకి ఇంత దూరంగా ఎందుకుంది? కింద ఇటుకలెందుకు?”

నేను నోరు తెరిచాను.

“నువ్వెళ్ళి కాఫీ పెట్టు” అన్నారు మా ఆయన. గట్టిగా కాదు. మామూలుగానే.

అందరూ హాల్లోకి నడిచారు. మా వంటింటికీ హాలుకీ మధ్య గోడ సగమే ఉంటుంది. పాలు పొయ్యిమీద పెట్టి నిలబడ్డాను.

“ఆ గదిలోకి మేం ఎవరం వెళ్ళం సార్. ఆవిడ పని ఆవిడదే” అన్నారు మా ఆయన.

సర్వేయరు ఇంకేదో అడిగాడు.

“ఆ గదిలోకి మేం ఎవరం వెళ్ళం బాబూ. దాని పని దానిదే” అన్నారు అత్తయ్య.

ఇద్దరూ ఒకే మాట అన్నారేంటా అనుకున్నాను. పాలు అంచులదాకా వస్తున్నాయి. మంట తగ్గించాను.

“ఆ గదిలోకి మేం ఎవరం వెళ్ళం. అమ్మ పని అమ్మదే.”

మా అమ్మాయి చిన్నప్పుడు పద్యం అప్పజెప్పేటప్పుడు కూడా ఇలాగే, చివరి మాట దగ్గర గొంతు కాస్త దించేది. తప్పు పోకుండా చెప్పేశానన్న ఊపిరి అది. ఎదురుగా నిలబెట్టుకుని నేర్పినదాన్ని, గుర్తుపట్టలేనా?

“అంటే గోడ తడుస్తోందని ఆవిడకి తెలుసు. మీకు చెప్పలేదు” అన్నాడు సర్వేయరు, రాసుకుంటూ.

“చెప్పుంటే ఆ రోజే గోడ కొట్టించేవాణ్ణి కదండీ” అన్నారు మా ఆయన.

కాఫీ తెచ్చి పెట్టాను. సర్వేయరు కప్పు అందుకుని నావైపు చూశాడు. “అమ్మా, మీరు…”

“వదినింకా తేరుకోలేదు సార్” అన్నాడు మరిది. “బట్టలన్నీ పోయి మనిషి మనిషిలా లేదు. ఇప్పుడేం అడక్కండి.”

సర్వేయరు తల ఊపి, కలం జేబులో పెట్టుకున్నాడు. “కాఫీ బావుందమ్మా” అన్నాడు వెళ్తూ. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

*

“అమ్మా, అది మాటే కదా” అంది మా అమ్మాయి, సాయంత్రం నేను తడి బట్టలు తిరగేస్తుంటే వచ్చి. “పాలసీలో నీ పేరు లేదు. ఇంటివాళ్ళకి తెలిసి ఊరుకుంటే డబ్బు రాదు. నీకు మాత్రమే తెలుసంటే వస్తుంది. నీమీద పెడితే ఎవరికీ నష్టం లేదన్నాడు బాబాయి.”

“ఎవరికీ” అన్నాను.

“నా ఫీజు గోడలో పోయకూడదనేగా” అని అది వెళ్ళిపోయింది.

మా ఆయన్ని అడిగాను. “ముందు నాతో ఒక మాట అనచ్చు కదా?”

“అంటే ఒప్పుకునేదానివా?”

“లేదు.”

“అందుకే” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. బండి పక్కకి లాగుతుంటే స్టీరింగు తనే సర్దేసినట్టు చెప్పారు. “చెక్కు రానీ. అంతదాకా ఆగు. తర్వాత ఎవరికేం చెప్పుకుంటావో నీ ఇష్టం.”

ఆగాను. ఇల్లు కదా. పిల్ల చదువు కదా. మాట నాలుగు గోడలమధ్యే ఉంటుంది కదా అనుకున్నాను.

వాన తెరిపిచ్చిన ఒక రోజు పోస్ట్‌మన్‌గారు వచ్చాడు. రిటైరై ఏళ్ళయినా తలుపు రెండుసార్లే కొడతాడు. మా ఆయన హాల్లో పేపరు చదువుకుంటున్నారు. వచ్చిన ముసలాయన కూర్చోలేదు.

“మీ మరిది నిన్న మా ఇంటికొచ్చాడమ్మా, పాలసీ రాయించుకోమని. ఇంట్లోవాళ్ళు జాగ్రత్తగా లేకపోతే ఏమవుతుందో మా వదిన సంగతే చూడండి అన్నాడు. గోడ తడుస్తుంటే నెలలపాటు నోరు విప్పలేదట నువ్వు. ఆ తడిగోడ పక్కనే మా ఆవిడ బట్టలు పెట్టుకున్నావట. నేను నమ్మలేదు. నిన్నే అడిగిపోదామని వచ్చాను.”

కాళ్ళకింద నేల చల్లగా ఉందని తెలిసింది, ఎందుకో.

“నేను చెప్పానండీ” అన్నాను. “ఇంట్లో అందరికీ చెప్పాను. రోజూ చెప్పాను. మూటలు హాల్లో పెట్టనివ్వమని కూడా అడిగాను.”

ముసలాయన నమ్మడానికే వచ్చాడు. మొహం తేటపడింది. మా ఆయనవైపు తిరిగి, “అంతే కదా బాబూ?” అన్నాడు.

మా ఆయన పేపరు మడిచారు. దాన్ని ఇంకో మడత పెట్టారు. నావైపు చూశారు. ఆయన “అంతే” అంటే చాలు. రెండక్షరాలు.

“జరిగిందేదో జరిగింది తాతగారూ” అన్నారు.

పోస్ట్‌మన్‌గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా, “మిగిలినవి ఇచ్చెయ్యమ్మా” అన్నాడు. “కుట్టకపోయినా పరవాలేదు. అలాగే దాచుకుంటాను.” నేను మూట కట్టి తెచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. చంకలో పెట్టుకుని, మెట్లు చూసుకుంటూ దిగి వెళ్ళాడు.

ఆ తర్వాత వారంలో ఇంకో ఇద్దరు వచ్చి తమ మూటలు అడిగారు. నా చెయ్యి పట్టుకున్నావిడ తను రాలేదు, పనిమనిషిని పంపించింది. కొత్తగా ఎవరూ రాలేదు. పోయిన మనిషి చివరి చొక్కా ఎవరి చేతిలో పెట్టాలన్నా, ఆ చెయ్యి అబద్ధమాడదని నమ్మకం ఉండాలి. నాకు ఆస్తి అంటూ ఉంటే అదే. దానికి పాలసీ లేదు.

*

చెక్కు వచ్చింది. గోడ కొత్తగా లేచింది, హాల్లో నేల మారింది. అత్తయ్యకి నాచు రంగు దొరక్కపోతేనేం, గచ్చకాయ రంగు దొరికింది. ఇదే ఇంకా బావుందన్నారు. మా అమ్మాయి ఫీజు కట్టేశారు.

“ఇప్పుడు చెప్తారా, పోస్ట్‌మన్‌గారికి?” అని అడిగాను మా ఆయన్ని.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఇప్పుడెలా చెప్తాం? చెప్తే ఇచ్చిందంతా వెనక్కి ఇమ్మంటారు. అప్పుడే చెప్పుంటే డబ్బు రాకపోయేది, అంతే. ఇప్పుడైతే మోసమంటారు. తమ్ముడి లైసెన్సు కూడా పోతుంది.”

“చెక్కు వచ్చేదాకా అన్నారు.”

“ఊళ్ళోవాళ్ళు ఎన్నాళ్ళు అనుకుంటారే?” అన్నారు అత్తయ్య పక్కనుంచి. “నాలుగు రోజులు అనుకుని ఊరుకుంటారు. ఇంటికోసం ఒక మాట పడ్డావు. ఆడవాళ్ళం పడనివా?”

నేను మా అమ్మాయి వైపు చూశాను. అది కొత్త నేలమీద మరక తుడుస్తోంది. మరకేం లేదక్కడ.

ఆదివారం మధ్యాహ్నం మరిదిని భోజనానికి పిలిచారు. అంతా అతని చలవేనని అత్తయ్య కొసరి కొసరి వడ్డిస్తున్నారు. అతను ఎవరికో వరద పాలసీ అంటగట్టిన కత చెబుతున్నాడు. వాళ్ళిల్లు గుట్టమీదుందట. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను అందరికీ మజ్జిగ పోసి, నా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“పొద్దున సర్వేయరుగారికి ఫోన్ చేశాను” అన్నాను.

మరిది చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “ఎందుకొదినా?”

“ఆ రోజు నన్నేమీ అడగలేదు కదా. అడగాలనుకుంటే ఇప్పుడు అడగమన్నాను.”

“ఏం చెప్పావు?” అన్నారు మా ఆయన.

“ఫోన్లో ఏం చెప్పలేదు. మీరందరూ ఉన్నప్పుడే చెప్తానన్నాను.”

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేశారు. మా అమ్మాయి తలెత్తి నా మొహంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత.

“రేపు పదింటికి వస్తానన్నాడు” అన్నాను. “అందరూ ఇంట్లో ఉండండి.”